మా నాన్న కాలువ తవ్విన ఊరు

నిన్న మా అబ్బాయి ఫోన్‌లో రెండు ఆటలు చూపించి, "పాతకాలపు నగరం కట్టేదా, సామ్రాజ్యాలు గెలిచేదా, ఏది తీసుకోనమ్మా?" అన్నాడు. వెంటనే అమలాపురంలో మా పెద్దమ్మగారింటి కంప్యూటర్ గది గుర్తొచ్చింది. ఆ రోజుల్లో కంప్యూటర్ గదులు మీకూ గుర్తున్నాయా, చెప్పులు బయట విడిచి వెళ్ళాలి, కంప్యూటర్‌కి పువ్వుల గుడ్డ ముసుగు!

అది మస్కట్‌లో ఉన్న పెదనాన్నగారు కొనిచ్చింది. వాళ్ళమ్మాయి శిరీషక్క మౌస్ పట్టుకుంటే వదిలేది కాదు. పక్కన స్టూలు మీద కూర్చుని నేను కుళ్ళిపోయేదాన్ని. ఒకరోజు పెద్దమ్మ కసిరితే అక్క, "ఏది ఆడతావో నువ్వే చెప్పవే" అంది. సామ్రాజ్యాల ఆట అడిగాను. నేను కోటలు గెలుస్తుంటే అక్క ముఖం మాడిపోయింది. నాకు పండగే.

సాయంత్రం నన్ను తీసుకెళ్ళడానికి నాన్న వచ్చారు. అక్క చటుక్కున నగరం ఆట పెట్టి, తెర చూపించి, "బాబాయిగారూ, మా ఊళ్ళో చేలు ఎండిపోతున్నాయండీ" అంది. చేలంటే ప్రాణం పెట్టే నాన్న స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"కాలువ ఎగువ నుంచి తవ్వాలమ్మా. ఆయ్, అలాగ! నా బంగారుతల్లివే!"

ఆ పిలుపు అప్పటిదాకా నా ఒక్కదానిదే. చెప్పులు వేసుకుని గుమ్మం బయట నిలబడి, "నాన్నా, పొద్దుపోతోంది" అన్నాను.

"ఉండమ్మా, నీళ్ళొస్తన్నాయి" అన్నారు, తల తిప్పకుండానే.