మౌత్‌పీసుకు కట్టిన త్రైరాశికం

నలభై రెండేండ్లకే నా పెదవులు అయిపోయినాయని ఒకసారి నాలుగు రోజులు నమ్మినాను.

హోసూరులో మా బ్యాండు సెట్టులో ట్రాంబోను, అదే గొట్టం ముందుకూ వెనక్కూ జరిపే పొడుగు ఇత్తడి బాకా, ఊదేవాణ్ణి. మామూలు రోజుల్లో చింతపండు మండీలో తూకాలు చూసేది, ముహూర్తాలుంటే ఎర్రకోటు తొడుక్కొనేది. నా ట్రాంబోను చిన్నది. వీధిలో పెద్ద డ్రమ్ము మోగితే దాని గొంతు నాకే వినపడేది కాదు. అరవైల మొదట్లో మా మాస్టరు బెంగుళూరు దండులో, అదే కంటోన్మెంటులో, ఒక పాత మిలిటరీ బ్యాండు ఆయన దగ్గర పెద్ద ట్రాంబోను తెచ్చినాడు. నోటికి ఆనించి ఊదే నా పాత మౌత్‌పీసు కాడ సన్నం, కొత్త గొట్టంలో పెడితే లొడలొడ ఆడింది. అందుకని లావు కాడవి మూడు, ఒక బిస్కెట్ డబ్బాలో వేసి నాకిచ్చినాడు.

"శుక్రవారం కృష్ణగిరిలో పెండ్లి. ఆ లోపల ఒకటి ఏరుకోప్పా. నీకు కుదరకపోతే పెద్దది మా బామ్మర్దికిస్తా, నువ్వు తాళాలు పట్టుకుందువు" అన్నాడు.

మాస్టరు నవ్వినాడు. పక్కనే ఉన్న బామ్మర్ది నవ్వలేదు.

ఇంటికొచ్చి స్కేలు తీసినాను. నేను బడికి పోయింది మూడేండ్లే. లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను, కొలవనిది నమ్మను. పాత గొట్టం లోపలి వెడల్పు అర అంగుళం. కొత్తది దానికన్నా ఎనిమిదో వంతు ఎక్కువ. పాత మౌత్‌పీసులో పెదవులు ఆనే గిన్నె, అంగుళానికి పదహారో వంతు తక్కువ. ఆ గొట్టానికి ఆ గిన్నె అయితే ఈ గొట్టానికెంత? త్రైరాశికం కడితే అంగుళం దాటి ఒక పిసరు వచ్చింది. డబ్బాలో అన్నిటికన్నా పెద్దది సరిగ్గా అంతే ఉంది. తక్కిన రెండూ ఊది కూడా చూడలేదు. లెక్క తేలినాక ఊదేదెందుకు?

కింది స్వరాలు బాగానే పలికినాయి. పైవి నిలవలేదు. పెండ్లికొడుకు కారు దిగేటప్పుడు పై స్వరం ఒకటి పట్టి నిలపాల. ఎప్పుడూ ఎనిమిది లెక్కపెట్టే దాకా నిలిపేవాణ్ణి. ఇప్పుడు మూడుకే చచ్చిపోయేది. సోమవారం మూడు, మంగళవారం మూడు, బుధవారం రెండున్నర.

గురువారం పొద్దున నా భార్య పొయ్యి దగ్గరి నుంచి అడిగింది. "ఏమయ్యా, ఎనుము ఈనలేక అరిచినట్లుందే?"

"వయసయిపోయిందిలే. తాళాలే పట్టుకుంటా."

"పాతదాంట్లో ఊది చూడు."

పాత ట్రాంబోను తీసి ఊదినాను. ఎనిమిది నిలిచింది.

"పెదవులకేమొచ్చింది, బాగానే ఉండాయి గదా! ఆ పెద్ద మౌత్‌పీసును ఎట్ల ఏరినావు?"

లెక్క చెప్పినాను. ఆమె సంగటి కెలికేది ఆపి నన్ను చూసింది.

"మా నాయన చిన్న బండి తీసేసి పెద్ద బండి చేయించినాడు. కాడి మాత్రం పాత కొలతకే చెక్కించినాడు. బండి పెరిగిందని ఎద్దు మెడ పెరుగుతుందా?"

నేను లేచి బిస్కెట్ డబ్బా తెచ్చినాను. రాత్రి మిగిలిన సంగటి ముద్ద చల్లారి గట్టిగా ఉంది. దాని మీద పాత మౌత్‌పీసు అంచు ఒత్తి, పక్కనే కొత్తవి మూడూ ఒత్తినాను.

"తినే సంగటయ్యా అది!"

"నేనే తింటాలే."

పెద్దవి రెండిటి గుర్తులూ పాతదాని గుర్తు కన్నా వెడల్పుగా పడినాయి. మూడోదాన్ని పాత గుర్తులోనే పెట్టి చూస్తే చుట్టూ వెంట్రుకంత సందు లేకుండా కూర్చుంది. గిన్నె పాత కొలతే, కాడ మాత్రం లావు. గొట్టానికి కాడ కుదరాల, పెదవికి అంచు కుదరాల. రెండు కొలతలను ఒకే లెక్కలో కట్టింది నేను. కొత్త ట్రాంబోనులో దాన్ని పెట్టి ఊదితే పై స్వరం మొదటిసారికే పలికింది. అంగట్లో తప్పిపోయిన బిడ్డ దొరికినట్లయింది నాకు. ఆ సంగటి గుర్తులతో సహా మజ్జిగలో పిసుక్కొని తాగినాను.

శుక్రవారం కృష్ణగిరిలో పెండ్లికొడుకు కారు దిగినాడు. స్వరం పట్టినాను. మాస్టరు ఇంకా ఊదమన్నట్లు చెయ్యెత్తి బామ్మర్ది వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసినాడు. నేను లోపల లెక్కపెడతా ఉన్నాను. ఎనిమిది దాటింది. మాస్టరు ఇంకా చెయ్యి దించలేదు. తొమ్మిదికి కూడా ఊపిరి ఉండింది.