నా మడమ మీద అందరి కన్ను

పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టుండేది. గోడ పట్టుకుని ఇల్లంతా ఒకసారి కుంటితే కొంచెం సర్దుకునేది. షేర్ ఆటో దిగి బొగ్గుబాయి దగ్గరికి చేరేసరికి మామూలుగానే నడిచేవాణ్ణి. అదే నా కొంప ముంచింది.

"ఏందన్నా, ఇంటికాడ కుంటుతవట, ఈడ ఉరుకుతున్నవ్! అన్‌ఫిట్ కోసమేనా?" అన్నాడు నా షిఫ్టువాడొకడు.

తండ్రి ఇక పనికి రాడని డాక్టర్లు తేల్చి అన్‌ఫిట్ రాస్తే, మా దగ్గర ఆ ఉద్యోగం కొడుక్కొస్తుంది. నాకేమో డిగ్రీ చదివి ఖాళీగా కూర్చున్న కొడుకున్నాడు. ఇక నా నొప్పిని ఎవడు నమ్ముతాడు? కుండ మూతి మూయొచ్చు గానీ ఊరి మూతి మూయలేం. ఒళ్లు మండిపోయింది.

దవాఖానలో డాక్టరమ్మ కూడా ముందు నా మొహం పరీక్షగా చూసి, తర్వాతే కాలు పట్టుకుంది. అరికాలి కింద మడమ నుంచి వేళ్లదాకా ఉండే పట్టీ బిగుసుకుందట.

"మంచం దిగకముందే తువ్వాల కాలివేళ్లకేసి పాదాన్ని మెల్లగా మీదికి గుంజుకోండి. గడ్డకట్టిన నీళ్ల సీసా మీద అరికాలు దొర్లించండి. బండల మీద ఒట్టి కాళ్లతో తిరగొద్దు."

అన్నీ చేశాను. గుణం కనిపించింది. సరిగ్గా అప్పుడే, నేను ఫ్రిజ్‌లో పైన గడ్డకట్టడానికి పెట్టిన సీసా గడ్డకట్టకుండా కింది అరలో కనపడడం మొదలైంది. ఇంట్లో ఉన్నదే ముగ్గురం. నా భార్యను అడిగాను.

"నేనెందుకు తీస్త? ఫ్రిజ్ ఖరాబైందేమో."

ఫ్రిజ్ ఖరాబైతే సీసాకు కాళ్లొస్తాయా? ఆమె ఏది వండిపెట్టినా మొహం వంకే చూస్తూ తిన్నాను.

ఒక మధ్యాహ్నం డ్యూటీకి బయల్దేరుతూ తాగడానికి నీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లాను. కొడుకు ఫ్రిజ్ తలుపు తీసి, నా సీసాను కింది అరలోకి దించుతున్నాడు. నన్ను చూసి తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. అరుద్దామని నోరు తెరిచాను.

"ఇంకా నొస్తుందా బాపు?" అన్నాడు వాడే ముందు.

ఆ గొంతులో ఉన్నది జాలి కాదు, ఆశ. కోపం రావాల్సిన చోట నాకు ఏడుపొచ్చింది. అప్పటికి వారంగా నాకు నొప్పి లేదు.

"నొస్తుంది బిడ్డా," అన్నాను. "బాగ నొస్తుంది."