చచ్చిన చేప ఏం చెప్పదు

కామారెడ్డి చేపల డాక్టరు ముఖం మరిచిపోయాను గానీ, ఆయన బొటనవేలు మరిచిపోలేదు. ఏ చేపనిచ్చినా దాంతోనే మొప్ప ఎత్తి వాసన చూసేవాడు. ఎల్లారెడ్డి దగ్గర మా చెరువులో చేపలు చచ్చి తేలుతుంటే, నాలుగింటిని సంచిలో వేసుకుని బస్సెక్కి పోయాను. మేం బతికేది వాటి మీదే. వాసన చూసి సంచి నా చేతికే ఇచ్చాడు.

“చచ్చిన చేప ఏం చెప్పదమ్మా. పానమున్నది పట్టుకరా.”

“మీరే ఓపారి చెరువు కాడికి రారాదు సారూ!”

“అన్ని చెర్వులకు నేనే తిరగాల్నా?”

మర్నాడు బకెట్లో బతికున్న చేపను మోసుకుపోతే ఆయన గదికి తాళం. మూడో రోజు చచ్చిన చేపల్ని ఎత్తిపోస్తూ నా పెనిమిటి గట్టు మీదే కూలిపోయాడు.

దినాల నాడు కబురు విని డాక్టరు మా వాకిట్లోకి వచ్చి, “ఎట్లయిందమ్మా?” అన్నాడు.

“చచ్చినోడు ఏం చెప్తడు సారూ? పానమున్నప్పుడు రావాలె,” అన్నాను.