పట్నం విడిచి హైదరాబాదుకు

మొన్న నాచారంలో ఒక పెళ్లికి వెళితే, మా ఆడబిడ్డ మనుమరాలు నన్ను పెళ్లికొడుకు తరఫు వాళ్లకు చూపించి "ఈమె మా పట్నం అమ్మమ్మ" అన్నది. అవతలి పిల్ల నవ్వి, అందరం పట్నంలోనే ఉన్నాం గదా అన్నది. నేనూ నవ్వి, గ్లాసులో పాయసం తాగుతూ కూర్చున్నాను. మేముండేది యాకుత్‌పురా స్టేషన్ దగ్గర. కాబట్టి ఆ పేరు తప్పేమీ కాదు. కానీ అది నాది కాదు, మా ఏరాలిది. అంటే మా బావగారి భార్యది, నేను అక్కా అని పిలిచిన మనిషిది.

మావైపు ఆడవాళ్లకు ఊరి పేరే పేరు. అదీ ఉంటున్న ఊరి పేరు కాదు. పుట్టింట్లో అత్తగారి ఊరు పెట్టి పిలుస్తారు, అత్తగారింట్లో పుట్టిన ఊరు పెట్టి. భువనగిరి దగ్గర పుట్టిన నేను ఈ ఇంట్లో ఏళ్లకేళ్లు భువనగిరామెనే. అక్కడికి పోతే పట్నపామెను. ఎక్కడున్నా అక్కడి దాన్ని కానట్టే లెక్క. అక్క సంగతి వేరు. ఫలక్‌నుమాలో పుట్టి యాకుత్‌పురాకు కాపురానికి వచ్చింది. అటు చూసినా ఇటు చూసినా ఆమె పట్నపామే. ఆ గీర ఆమెకు బాగానే ఉండేది. ఎవరైనా 'హైదరాబాదీ' అంటే ముఖం చిట్లించేది. అది బిర్యానీకి పెట్టే పేరట, మనిషికి కాదట.

ఈ మాటల పుట్టుక గురించి మా మామగారు కిరాణా దుకాణంలో బేరాలు లేనప్పుడు చెప్పేవారు. పాతకాలంలో కోటగోడ లోపలి ఊరిని బల్దా అనేవారట. అరబ్బీలో ఆ మాటకు ఊరనే అర్థమట. ఇప్పుడు పేపర్లలో మునిసిపాలిటీని బల్దియా అంటున్నారే, అది దాని చుట్టమేనట. పక్కింటి ఖాలా చార్మినార్ దాకా పోవాలన్నా బురఖా సర్దుకుంటూ షహర్ పోతున్నానని చెప్పేది, అప్పటిదాకా తనేదో అడవిలో ఉన్నట్టు. పల్లెల నుంచి వచ్చేవాళ్లు పట్నం అన్నారు. అక్క లెక్కలో ఈ మూడింటికీ హద్దు ఒకటే, మూసీ. వంతెన దాటితే పట్నం అయిపోయినట్టే. అవతల ఉన్నదంతా హైదరాబాదు.

బావగారు పోయాక అక్క కొడుకు ఉప్పల్‌లో ఫ్లాటు కొని తల్లిని తీసుకుపోయాడు. మంచి పిల్లవాడు, తల్లికి గాలి తగలాలని బాల్కనీ ఉన్న గది ఇచ్చాడు. ఇంటికి వచ్చినవాళ్లందరికీ ఆమె ఒకటే మాట చెప్పేది, పట్నం విడిచి హైదరాబాదుకు వచ్చానని. మొదట్లో అందరూ నవ్వారు. తర్వాత ఓసారి పొయ్యి మీద పాలు మాడిపోయాయి, ఇంకోసారి తలుపు తీసిపెట్టి పడుకుంది. దాంతో కొడుకుకు భయం పట్టుకుంది. డాక్టరు దగ్గరికి తీసుకుపోతూ నన్నూ రమ్మన్నాడు.

డాక్టరు చిన్నవాడు, ఎక్కడి నుంచో వచ్చినవాడు, మాట మెత్తన. ఇది ఏ ఊరమ్మా అని అడిగాడు. హైదరాబాదన్నది. మరి మీది ఏ ఊరు అన్నాడు. పట్నం అన్నది.

"ఇప్పుడు మీరు పట్నంలోనే ఉన్నారు కదమ్మా?"

"లేను బిడ్డా. పట్నం ఇడిసి వచ్చిన గద."

డాక్టరు కొడుకు వంక చూశాడు. కొడుకు నేల వంక చూశాడు. నేను నోరు తెరిచేలోపే మందులు రాయడం అయిపోయింది.

ఆ గోలీలు పడ్డాక అక్కలో ఉలుకూ పలుకూ తగ్గింది. అన్నం కలిపి, తినడం మరిచి, టీవీ వైపు చూస్తూ కూర్చునేది. నేను పోతే గుర్తుపట్టేది. ఖాలా ఎట్లుంది, దుకాణం నడుస్తుందా అని మాత్రం అడగదు. పక్కన కూర్చుంటే నాకు కూడా కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కినట్టుండేది. ఒకరోజు వంటింట్లో ఆమె కొడుకును పట్టుకుని, మీ అమ్మ మతి మంచిగానే ఉన్నది, మూసీ ఇవతలిది పట్నం కాదన్నది ఆమె మొదటినుంచీ అంటున్న మాటే గదా అని చెప్పాను. వాడు మొండికేయలేదు, పాపం. "గిది గూడ పట్నమే గదా చిన్నమ్మా" అన్నాడు. నిజంగానే అర్థం కాక అడిగాడు.

నేను గదిలోకి వచ్చేసరికి అక్క కళ్లు తెరిచి ఉన్నది. మా మాటలు విన్నట్టుంది.

"ఏమంటే గీ గోలీలు బంద్ జేస్తరు?" అని అడిగింది.

మళ్లీ తనే, "ఉప్పల్ అంటే అయిపాయె" అన్నది.

తర్వాతిసారి డాక్టరు అడిగినవాటన్నిటికీ సరిగ్గా చెప్పింది. మీది ఏ ఊరంటే ఉప్పల్. ఇది పట్నమేనా అంటే పట్నమే. డాక్టరు సంతోషించి గోలీలు తగ్గించాడు, కొడుకు కళ్లు తుడుచుకున్నాడు. అక్క మెల్లగా తేరుకుంది. అన్నం తిన్నది, కోడలి మీద విసుక్కున్నది, అంతా మామూలే. బంధువుల పిల్లలు ఉప్పల్ పెద్దమ్మా అంటే ఊ అని పలికేది. ఊ అన్న ప్రతిసారీ నేను మాత్రం ఆమె ముఖంలోకి చూడలేకపోయేదాన్ని.

ఆ తర్వాత ఒక సాయంత్రం నేను బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చింది. చెంగుతో చేతులు తుడుచుకుంటూ, "మీ పట్నంకు గీ యాల్ల బస్సు దొరుకుతదా చెల్లె?" అన్నది. నాతో ఆమె మాట్లాడిన చివరి మాట అదే. 'మీ' పట్నం. దొరుకుతుంది అక్కా అని చెప్పి మెట్లు దిగాను.

అక్క పోయినప్పుడు అందరూ ఏడ్చారు, నాకు ఏడుపు రాలేదు. కొన్నాళ్లు పోతే అదే వస్తుందిలే అన్నారు. ఏళ్లయితే పోయాయి.