బూడిద చల్లిన మైదానం

సైబీరియాలో యెనిసేయ్ నది ఒడ్డున పుట్టిన అర్ఖిప్ సవేలిచ్‌కి మంచు అంటే భయం లేదు. అది వేళకి కరగకపోతేనే భయం.

ఓడల మరమ్మతు కార్ఖానా కుర్రాళ్లు ‘జతోన్’ రగ్బీ క్లబ్బు పెట్టిన ఏడాది ఆయన పందొమ్మిదేళ్ల వెల్డరు. “రగ్బీయా? అదేం జబ్బురా?” అంది తల్లి. బంగాళాదుంపల చేను చదును చేసుకుని ఆడారు. భుజం విరిగేదాకా ఆడి, అప్పట్నుంచీ నలభై ఏళ్లుగా ఆ పచ్చికకే కాపలా ఉన్నాడు. క్లబ్బు నాలుగుసార్లు దేశ ఛాంపియన్ అయింది, నాలుగుసార్లూ ఈ నేల మీదే. మాస్కోలో ఆడిన మూడు ఫైనళ్లూ ఓడింది.

ఈసారి ఏప్రిల్ చివర్లో ఇక్కడే ఫైనల్. వారం ముందు మోకాలి లోతు మంచు పడింది. ఆటకి ముందురోజు, శనివారం పొద్దున రెఫరీ చూసి పనికిరాదంటే ఆట మాస్కోకి పోతుంది. అర్ఖిప్‌కి అది పోనివ్వడం ఇష్టం లేదు. చివరికి ఏటా తన కూరగాయల మడిలో చేసే పనే చేశాడు. ఊళ్లోని ఆవిరి స్నానాల పొయ్యిల్లో బూడిదంతా బస్తాలకెత్తి తెచ్చి మంచు మీద చల్లాడు; బూడిద ఎండ వేడిని పట్టి మంచుని త్వరగా కరిగిస్తుంది. అయిదు రోజుల్లో నేల బయటపడింది. రెఫరీ వచ్చి, బురద తొక్కి చూసి, సరేనన్నాడు.

మధ్యాహ్నం భార్య తైసియా క్యాబేజీ కూరిన పిరోష్కీ రొట్టెలు తెచ్చింది. నేల చూసి నిలబడిపోయింది.

“ఎంత బూడిద పోశావయ్యా! మా అమ్మ బూడిద నీళ్లతోనే బట్టలుతికేది. చేతులు పుళ్లు పడేవి, తెలుసా?”

అర్ఖిప్ కాళ్ల కింది బురద వైపు చూశాడు. ముప్పైమంది ఈ బురదలోనే మొహాలు పెట్టి తోసుకుంటారు. కళ్లతో సహా. ఆయన మైదానం మధ్యకి నడిచి, బోర్లా పడుకుని, చెంపకీ రెప్పకీ బురద రుద్దుకున్నాడు. ఏమీ కాకూడదని దేవుడికి మొక్కుకుంటూ నిమిషాలు లెక్కపెట్టాడు. నాలుగో నిమిషానికి కన్ను మండిపోయింది.

“ఏంటి బాబాయ్, నేలకి ముద్దులా?” కెప్టెన్ గ్లేబ్ నవ్వుతూ వచ్చాడు.

చేసిన పాపం చెబితే పోతుందంటారు గానీ, ఇక్కడ ముందు పోయేది ఫైనల్. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. అర్ఖిప్ లేచి కూర్చున్నాడు.

“రెఫరీని పిలువురా,” అన్నాడు. “బూడిద పోసింది నేనే. ఇందులో ఆడితే కళ్లు పోతాయి.”

గ్లేబ్ నవ్వు ఆరిపోయింది. “మాస్కోలో మనమెప్పుడూ గెలవలేదు బాబాయ్.”

“తెలుసు. పిలువు.”

మాస్కోలో రెండు పాయింట్ల తేడాతో ఓడారు. ఊళ్లో సగం మంది ఆయనతో మాట మానేశారు. క్లబ్బు గోడ మీద ఏటేటా ఫలితం రాసే పని కూడా ఆయనదే. ‘రెండో స్థానం’ అని రాశాడు. దాని కింద ‘కారణం: అర్ఖిప్ బూడిద’ అని చేర్చాడు.

వెనక నిలబడి చూస్తున్న గ్లేబ్ అన్నాడు. “అంతటితో ఆపకు. ‘కళ్లు పోయినవాళ్లు: సున్నా’ అని కూడా రాయి, బాబాయ్.”