మొగ పూడిందని తెలిసే

ఆ వేసవి ఏట్లో చేపలు చచ్చింది మందు వల్ల కాదు. నేను మురుగు గేటు ఎత్తడం వల్ల. ఈ మాట తొమ్మిదేళ్లు ఎవరికీ చెప్పలేదు.

మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటులో నేను ఆపరేటరును. టౌను మురుగంతా మా తొట్లలోకి వస్తుంది. దానికి యంత్రంతో గాలి కొడతాం. ఆ గాలితో బతికే కంటికి కనపడని పురుగులు మురికిని తింటాయి. తేరిన నీరు కాలువలో పడి ఉప్పుటేటికి, అక్కడి నుంచి సముద్రానికి పోతుంది. ఆ ఏట్లో విసురువల వేసే ఒకాయనకు ఇదంతా మొదటిసారి చెప్పినప్పుడు పడీ పడీ నవ్వాడు.

"అయితే పురుగుల్ని మేపేదానికా సారూ నీకు జీతం?"

నాకంటే పదేళ్లు పెద్ద. అన్నా అని పిలిచేవాణ్ణి. వేట ముగించుకుని పోతూ మా గేటు దగ్గర ఆగేవాడు. నాలుగు చేపలు నా టిఫిన్ క్యారియర్‌లో వేసి, మొగ సంగతి చెప్పేవాడు. ఏరు సముద్రంలో కలిసే చోటు మొగ. వేసవిలో ఒక్కోసారి ఇసుక మేట వేసి అది పూడిపోతుంది. అప్పుడు ఏట్లో పడింది ఏట్లోనే ఉంటుంది.

ఆ వేసవిలో గాలి యంత్రం బెల్టు తెగింది. మురుగు వస్తూనే ఉంది, తొట్లు పొర్లేలా ఉన్నాయి. పై అధికారికి ఫోన్ చేస్తే స్పేర్ బెల్టు ఏదని అడుగుతాడు. తెప్పించి ఉంచాల్సింది నేనే. మురుగును నేరుగా కాలువలోకి వదిలే గేటు ఎత్తేశాను. అంతకుముందు వానాకాలంలో రెండుసార్లు ఎత్తాం, సముద్రం తీసుకుపోయింది. ఈసారి మొగ పూడిందని వారం కిందటే ఆయన చెప్పాడు. చక్రం తిప్పుతుంటే ఆ మాట గుర్తు రాలేదని రాద్దామనుకున్నాను. గుర్తొచ్చింది. కొత్త బెల్టు వచ్చేదాకా రెండు రోజులే గదా అనుకున్నాను.

మూడోరోజుకి ఏరంతా తెల్లటి చేపల పొట్టలు తేలాయి.

ముందురోజు సాయంత్రం అక్కడ వల వేసింది ఆయనొక్కడే. చేపలు తేలిగ్గా పట్టడానికి నీళ్లలో మందు కలిపాడన్నారు. పల్లె పెద్దలైన కాపులు కూర్చుని దురాయి వేశారు. ఆయన ఏట్లో దిగకూడదు, ఆయన దగ్గర చేప ఎవరూ కొనకూడదు. ఆ మర్నాడు టీ కొట్టు దగ్గర, నలుగురి ముందు నన్ను అడిగాడు.

"చదువుకున్నోడివి. నీళ్లు చూస్తే నీకు తెలవదా సారూ? మందో కాదో చెప్పు."

"పరీక్ష చెయ్యాలన్నా," అన్నాను. గ్లాసు అక్కడ పెట్టి వచ్చేశాను. ప్లాంటు రిజిస్టరులో యంత్రం నడిచినట్టే రాశాను.

ఏడాదికి దురాయి ఎత్తేశారు. ఆ నింద మాత్రం పోలేదు. వల భుజాన వేసుకుని పోతుంటే, "మందు ఇంటికాడ మర్చిపోయినావా మామా?" అనేవాళ్లు తోటివాళ్లు. మొదట్లో బూతులు తిట్టేవాడు. తర్వాత పోవడమే మానేశాడు.

పోయిన నెల ఆయన ఇంటికి వెళ్లి అంతా చెప్పాను. వరండాలో కూర్చుని ఎవరిదో వల బాగుచేస్తున్నాడు. అంతా విని దారం పంటితో తెంపాడు.

"మా ఇంటామె పోయింది, తెలుసునా? పొయ్యేదాకా అడగతానే ఉండింది, నిజంగా కలపలేదు గదా అని."

నేను చేతులు జోడించబోయాను.

"నాకెందుకు చెప్తావు? నేను కలపలేదని నాకు తెలుసు. కాపుల ముందర చెప్పు. దురాయి వేసిన తావనే."

ఆదివారం కాపులు కూర్చున్నారు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని ఒక పక్కగా నిలబడ్డాడు.

"గేటు ఎత్తింది నేను. మొగ పూడిందని తెలిసే ఎత్తినాను. ఈయన ఏట్లో ఏమీ కలపలేదు," అని కాపులకు చెప్పాను. తర్వాత ఆయన వైపు తిరిగాను.

"నీ పేరు చెడగొట్టినందుకు, ఈ మాట వదిన బతికుండగా చెప్పనందుకు, నన్ను క్షమించన్నా."