భుజం తట్టేవాడు

ఇడ్వాల్ పోయాడన్న వార్త తెల్లవారేసరికి వేల్స్ దేశపు కుమ్‌దెర్విన్ లోయలో ప్రతి గడపకూ చేరింది. గ్విలిం ఏడవలేదు. టీ కప్పు కింద పెట్టి, "వాణ్ణి నేను మోస్తాను" అన్నాడు.

కూతురు నెరిస్ తల పట్టుకుంది. తండ్రి డెబ్బై దాటిన మనిషి. మోకాళ్లు ఎంత అరిగాయంటే, ఆయన మెట్లు దిగుతుంటే ఆ కిర్రుచప్పుడుకి పక్కింటి పిల్లి గోడ దూకి పారిపోతుంది. చేతికర్ర లేకుండా గేటు దాటవద్దని డాక్టరు గట్టిగా చెప్పి ఉన్నాడు. ఊరి చిన్న చర్చి, అదే చాపెల్ నుంచి సమాధుల తోటకు దారంతా నిటారుగా ఎక్కడమే. అంత్యక్రియల పనులు చూసే ప్రాసర్ చక్రాల బండి తెస్తానన్నాడని, దాని పక్కన నడిస్తే చాలని నెరిస్ నచ్చజెప్పబోయింది.

"బండిలో తోసుకుపోవడానికి వాడేమన్నా బంగాళాదుంపల బస్తానా?" అన్నాడు గ్విలిం.

ఆ పట్టుదలకు కారణం ఊళ్లో అందరికీ తెలుసు. వయసులో ఉన్నప్పుడు ఊరి రగ్బీ జట్టు ముందు వరసలో ఎడమవైపు గ్విలిం, కుడివైపు హైడన్, మధ్యలో ఇడ్వాల్ ఉండేవారు. స్క్రమ్‌లో రెండు జట్లూ తలలు వంచి, పొట్టేళ్లలా ఢీకొని నిలబడతాయి. మధ్యవాడు మాత్రం ఇరుపక్కల వాళ్ల భుజాల మీద చేతులు వేసి వేలాడుతూ, బంతిని కాలితో వెనక్కు లాగాలి. ముగ్గురూ బొగ్గు గనిలో ఒకే పాళీ. కాబట్టి ఇడ్వాల్ తన వయసంతా ఆ ఇద్దరి భుజాల మీదే గడిపేశాడని చెప్పవచ్చు.

తాను సిద్ధమైతే ఇడ్వాల్ రెండు వేళ్లతో గ్విలిం ఎడమ భుజం మీద తట్టేవాడు. అప్పుడే బంతి లోపలికి రావాలి, అప్పుడే తోయాలి. వాన పడినా, ఎదుటివాళ్లు అమ్మానాన్నల్ని తిట్టినా, ఆ తట్టు పడేదాకా గ్విలిం కదిలేవాడు కాదు.

ఆ రోజుల్లో గ్విలిం మెడ ఎంత లావుగా ఉండేదంటే, చొక్కా కోసం పంపిన మెడ కొలత చూసి దర్జీ అది నడుం కొలత అనుకుని పంట్లాం కుట్టి పంపాడు. ఒకసారి స్క్రమ్ తొడల దాకా బురదలో దిగబడింది. పైకి లేచేసరికి ఒకడి చేతికి కిందటేడు పోయిన బూటు దొరికింది, ఇంకొకడి చేతికి గొర్రె చెవి, దాని వెంట గొర్రే దొరికాయి. ఆ గొర్రె ఆట అయ్యేదాకా తమ పక్షానే తోసిందని హైడన్ ఇప్పటికీ ఒట్టు వేస్తాడు.

వేల్స్ జట్టు నుంచి పిలుపు గ్విలింకి ఒక్కడికే వచ్చింది. కార్డిఫ్‌లో మైదానమంతా ఒక్క గొంతై పాడుతుంటే పళ్లు కదిలాయట. ఎర్ర చొక్కా వేసుకుని మొదటి స్క్రమ్‌లో తల దూర్చాడు. మధ్యలో ఉన్నది సముద్రతీరం నుంచి వచ్చిన బడిపంతులు. అతనికి భుజం తట్టే అలవాటు లేదు. బంతి వచ్చింది, అందరూ తోశారు. గ్విలిం మాత్రం తట్టు కోసం కాచుకుని నిలబడ్డాడు. మరుక్షణం ముక్కు బురదలో ఉంది.

తరువాత నేర్చుకున్నాడు. ఏళ్ల తరబడి వేల్స్‌కి ఆడాడు. డబ్లిన్‌లో పక్కటెముకలు, పారిస్‌లో రెండు పళ్లు వదిలి వచ్చాడు. అయినా ఆ మైదానాల్లో భుజం ఖాళీగా ఉండేదని చాలాసార్లు అన్నాడు. మొదటి ఆట అయిన సోమవారం గనిలోకి దిగగానే ఇడ్వాల్ వంగి సలాం చేశాడు.

"దొరగారూ, పార అందుకోండి. మీ టోపీ సంగతి ఈ బొగ్గుకి ఇంకా తెలీదు."

దేశానికి ఆడినవాడికి ఇచ్చే ఆ కుచ్చు టోపీని గ్విలిం ఆ సాయంత్రం క్లబ్బులో ఇడ్వాల్ నెత్తిన పెట్టాడు. ఇడ్వాల్ దాన్ని పెట్టుకునే పాడాడు, పెట్టుకునే పడుకున్నాడు. మర్నాడు అతని భార్య కైన్‌వెన్ తిరిగి తెచ్చి, ఆ లోయలో ఆప్యాయంగా పిలిచే తీరున "గ్విలిం బాచ్" అంటూ, కుచ్చు బీరులో మునిగిందని, ఉతికానని చెప్పింది. ఆ తరువాత గని మూతపడింది, క్లబ్బు కప్పు కారడం మొదలైంది, ముగ్గురూ ముసలివాళ్లయ్యారు.

భూస్థాపన రోజున చాపెల్‌లో కీర్తన ముగిసింది. గ్విలిం చేతికర్ర నెరిస్‌కి ఇచ్చి, బయట వాకిట్లో ఉంచిన శవపేటిక ముందుభాగాన ఎడమవైపు నిలబడ్డాడు. కుడివైపు హైడన్. అతని తుంటిలో ఇప్పుడు ఎముక కన్నా ఇనుమే ఎక్కువ. వెనక ఇడ్వాల్ కొడుకులూ మేనల్లుళ్లూ. "ఎత్తండి" అన్నాడు ప్రాసర్. ఎత్తారు. ముసలివాళ్లిద్దరూ పెట్టె కింద ఒకరి భుజాన్ని ఒకరు పట్టుకున్నారు.

"ఇక నడవండి" అన్నాడు ప్రాసర్.

ముందున్న ఇద్దరూ కదల్లేదు. వెనకవాళ్లు అడుగు వేయబోయి ఆగారు. ప్రాసర్ మళ్లీ చెప్పాడు. మోకాళ్లు పట్టేశాయనుకుని నెరిస్ చేతికర్ర ముందుకు చాపింది. జనంలో ఉన్న డాక్టరు, బండిని దగ్గరకు తెమ్మని ప్రాసర్‌కి సైగ చేశాడు. కానీ గ్విలిం ముఖంలో నొప్పి లేదు. తల కొంచెం వంచి, దేనికోసమో కాచుకున్నట్టున్నాడు. హైడన్ కూడా అంతే.

ఆ లోయలో సమాధి దాకా మగవాళ్లే వెళతారు. ఆడవాళ్లు చాపెల్ గుమ్మం దగ్గరే ఆగిపోవాలి. కైన్‌వెన్ కూడా అక్కడే నిలబడి ఉంది. పెళ్లయిన నాటి నుంచి ప్రతి శనివారం వానలో తడుస్తూ మైదానం గీత పక్కన నిలబడ్డ మనిషి. ఆమె గుమ్మం దిగి వచ్చింది. నల్లటి చేతితొడుగు తీసి, రెండు వేళ్లతో గ్విలిం ఎడమ భుజం మీద తట్టింది.

"వెళ్లండి, గ్విలిం బాచ్. ఆయన సిద్ధం."

ఇద్దరూ ఒక్కసారే అడుగు వేశారు.

ఎక్కడం మొదలైంది. వెనక మగవాళ్లు పాట ఎత్తుకోవడంతో మోకాళ్ల చప్పుడు ఎవరికీ వినబడలేదు. ప్రాసర్ ఖాళీ బండిని తోసుకుంటూ అందరికన్నా వెనకబడ్డాడు.

"చచ్చినా మారలేదు వెధవ, ఎప్పుడూ ఆలస్యమే" అన్నాడు హైడన్ రొప్పుతూ.

"మాట్లాడక తొయ్యరా" అన్నాడు గ్విలిం.